ప్రియదర్శిని, సత్యపీఠం: 'పిక్సెల్ రిప్డ్' ఆటల్లో గతస్మృతి – కృష్ణాడెల్టా నుంచి ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
పాత వీడియో ఆటల జ్ఞాపకాన్నే వస్తువుగా తీసుకున్న వర్చువల్ రియాలిటీ ఆటల్లో 'పిక్సెల్ రిప్డ్' పరంపర చెప్పుకోదగినది. 2018లో 'పిక్సెల్ రిప్డ్ 1989', 2020లో 'పిక్సెల్ రిప్డ్ 1995', 2023లో 'పిక్సెల్ రిప్డ్ 1978' వెలువడ్డాయి. మూడవ ఆటను దాని పూర్వరచనలతో పోల్చి, ఈ పరంపరలో గతస్మృతి ఎలా మారుతూ వచ్చిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భరతుని నాట్యశాస్త్రంలోని 'స్మృతి' అనే వ్యభిచారిభావాన్ని, 'మాయాబజార్' (1957) చిత్రంలోని ప్రియదర్శిని, సత్యపీఠం అనే రెండు కల్పనలను విమర్శోపకరణాలుగా ఉపయోగించడం జరిగింది. ఒక సంవత్సరాన్ని శీర్షికగా పెట్టుకున్న కళారూపం ఆ సంవత్సరాన్ని ఎవరి పక్షాన గుర్తుచేసుకుంటుందన్న ప్రశ్నను కృష్ణాడెల్టా చరిత్ర ఆధారంగా చర్చించడం జరిగింది.

కీలకపదాలు: గతస్మృతి, వర్చువల్ రియాలిటీ, పిక్సెల్ రిప్డ్, మాయాబజార్, వ్యభిచారిభావం, కృష్ణాడెల్టా.

1. ఉపోద్ఘాతం:

తిరునాళ్ళలో బయోస్కోపు పెట్టె చుట్టూ పిల్లలు మూగడం ఒకప్పుడు కృష్ణాతీరపు ఊళ్ళలో సాధారణ దృశ్యం. పెట్టెకున్న గుండ్రని రంధ్రానికి కన్ను ఆనించగానే బయటి సంత మాయమై, లోపలి కాశీపట్నం కనిపించేది. అయితే పెట్టెవాడి పాట, పక్కన నిలబడ్డ తమ్ముడి తోపులాట, వీపుమీద ఎండ మాత్రం అలాగే ఉండేవి. చూసేవాడు ఏకకాలంలో రెండు లోకాల్లో ఉండేవాడు. నేటి వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ ఈ పెట్టెకు దూరపు వారసురాలు. తేడా ఏమిటంటే, అది బయటి లోకాన్ని పూర్తిగా మూసివేస్తుంది. తల తిప్పితే లోపలి లోకమే తిరుగుతుంది, చెయ్యి చాస్తే లోపలి వస్తువే చేతికి వస్తుంది.

ఇంతటి శక్తి ఉన్న సాధనం భవిష్యత్తును చూపడానికే ఉపయోగపడుతుందని మొదట్లో అనుకున్నారు. ఆచరణలో అది గతాన్ని చూపడానికి కూడా అంతే ఉత్సాహంతో పూనుకుంది. అత్యాధునిక యంత్రాన్ని తలకు తగిలించుకుని, పాత టీవీ ముందు కూర్చుని, గళ్ళుగళ్ళుగా కనిపించే బొమ్మలతో ఆడుకోవడం నిజానికి ఒక వింత కోరిక. ఈ కోరికను 'పిక్సెల్ రిప్డ్' ఆటలు తమ వస్తువుగా చేసుకున్నాయి.

తెలుగులో సినిమా విమర్శకు సుదీర్ఘ సంప్రదాయం ఉంది. నాటకవిమర్శకు అంతకన్నా పాతది ఉంది. వీడియో ఆటను ఒక రచనగా పరిగణించి, దాని నిర్మాణాన్ని, విలువలను పరిశీలించిన తెలుగు విమర్శ మాత్రం అరుదు. మన విద్యార్థులు పుస్తకాలకన్నా ఎక్కువ సమయం ఆటలతో గడుపుతున్న కాలంలో ఈ మౌనం కొనసాగితే, ఆ అనుభవం గురించి మాట్లాడే భాష వారికి మనం ఇవ్వనట్లే అవుతుంది. ఈ వ్యాసం ఆ దిశగా ఒక చిన్న ప్రయత్నం.

2. త్రయం – పరిచయం:

ఈ ఆటల సృష్టికర్త ఆనా రిబైరో బ్రెజిల్ దేశస్థురాలు. బ్రిటన్‌లోని నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్లో విద్యార్థినిగా ఉన్నప్పుడు ఈ పరంపరకు బీజం వేశారు. బ్రెజిల్‌లోని సావో పౌలో నగరానికి చెందిన ఆర్వోర్ సంస్థ ద్వారా ఆటలు వెలువడ్డాయి. మూడింటికీ సామాన్యమైన కథ ఒకటే. డాట్ అనే నాయిక ఒక వీడియో ఆటలోని పాత్ర. సైబ్లిన్ లార్డ్ అనే ప్రతినాయకుడు ఆట సరిహద్దును చీల్చుకుని బయటి ప్రపంచంలోకి వస్తాడు. అతణ్ణి ఓడించడానికి డాట్‌కు బయటి ప్రపంచంలో ఆట ఆడే ఒక మనిషి సాయం కావాలి. ఆ మనిషి పాత్రలోకి మనం ప్రవేశిస్తాం.

'1989'లో ఆ మనిషి నికోలా అనే బడిపిల్ల. తరగతి గదిలో టీచరు కంటపడకుండా చేతిలో ఇమిడే ఆటయంత్రంతో ఆడుతుంది. '1995'లో డేవిడ్ అనే తొమ్మిదేళ్ళ బాలుడు ఇంట్లో, ఆటల దుకాణంలో ఆడుతుంటాడు. '1978'లో బార్బరా రివర్స్ అనే యువతి. ఆమెకు 'బగ్' అని ముద్దుపేరు. ఆమె కాలిఫోర్నియాలోని అటారి సంస్థలో ఆటలు రూపొందించే ఉద్యోగిని. ఈ మూడవ ఆట అటారి సంస్థ భాగస్వామ్యంతో వెలువడింది.

ఎంచుకున్న సంవత్సరాలు యాదృచ్ఛికమైనవి కావు. నింటెండో వారి గేమ్ బాయ్ వచ్చింది 1989లో. 1995 నాటికి పదహారు బిట్ల యంత్రాల యుగం ముగిసి ముప్ఫైరెండు బిట్ల యుగం ప్రారంభమైంది. వర్చువల్ రియాలిటీని ఇంటికి తెస్తానని చెప్పి విఫలమైన నింటెండో వర్చువల్ బాయ్ కూడా ఆ ఏడాదిదే. 1978 నాటికి, అంతకుముందు ఏడాది విడుదలైన అటారి వీడియో కంప్యూటర్ సిస్టమ్ అమెరికా ఇళ్ళలోకి చేరుతోంది. అంటే ఈ పరంపర కాలగణన యంత్రాల కాలగణన. ఈ విషయాన్ని మళ్ళీ ప్రస్తావించుకుందాం.

3. స్మృతి – స్థాయి కాలేని భావం:

గతంపట్ల బెంగను సూచించే 'నోస్టాల్జియా' అనే మాటను 1688లో యొహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి ఒక వ్యాధి పేరుగా కల్పించాడు. ఆధునిక విమర్శలో స్వెత్లానా బోయిమ్ దీన్ని రెండుగా విభజించారు. పోయినదాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ నిలబెట్టాలనుకునేది ఒకటి. పోయిందన్న ఎరుకతోనే దాన్ని తలపోసేది మరొకటి. ఈ విభజన ఉపయోగకరమైనదే. అయితే మన అలంకారశాస్త్రంలో ఇంకొక ఉపకరణం సిద్ధంగా ఉంది.

భరతుడు చెప్పిన ముప్ఫైమూడు వ్యభిచారిభావాల్లో స్మృతి ఒకటి. సుఖదుఃఖాలు కలిగించిన భావాలను మళ్ళీ తలచుకోవడం స్మృతి అని ఆయన నిర్వచనం. ఇందులో రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, స్మృతి సంచరించే భావం. అది రతికో, శోకానికో, హాసానికో తోడుగా వచ్చి వెళుతుంది. తనంతట తాను స్థాయిగా నిలిచి రసంగా పరిణమించదు. రెండవది, స్మృతికి విషయం సుఖం మాత్రమే కాదు, దుఃఖం కూడా. సుఖాన్ని మాత్రమే ఏరుకున్న స్మృతి శాస్త్రం దృష్టిలో సగం స్మృతి.

తాను అనుభవించని దానిపట్ల కూడా బెంగ కలుగుతుందా అన్న ప్రశ్నకు కాళిదాసు శాకుంతలం ఐదవ అంకంలో జవాబు సూచించాడు. హంసపదిక పాట వినగానే, ఎవరి ఎడబాటూ లేకపోయినా దుష్యంతుని మనసు కలతపడుతుంది. మనిషికి గుర్తులేని పూర్వజన్మల చెలిమి అలా కదిలిస్తుందేమోనని అతడు ఊహిస్తాడు. అతని విషయంలో మరపు వెనుక నిజంగానే ఒక శకుంతల ఉంది. అమెరికన్ బాలుడి గదిలోని పాత టీవీని హెడ్‌సెట్‌లో చూసి గుంటూరులోనో గుడివాడలోనో పెరిగిన ఆటగాడు బెంగపడితే, దాని వెనుక ఎవరున్నారు? సినిమాలు, ప్రకటనలు, కొన్న జ్ఞాపకాలు ఉన్నాయి. అది తప్పు కాదు. అయితే దాన్ని జ్ఞాపకం అనవచ్చా అన్నది విమర్శ అడగవలసిన ప్రశ్న.

4. '1989', '1995' – రెండు శ్రద్ధల మధ్య:

'పిక్సెల్ రిప్డ్ 1989' సాధించిన విజయం దాని ప్రధాన కల్పనలో ఉంది. మనం నికోలా శరీరంలో, బడి బల్ల దగ్గర కూర్చుంటాం. చేతుల్లో ఆటయంత్రం. దాని చిన్న తెరమీద డాట్ పరుగెత్తుతుంటుంది. తల ఎత్తితే టీచరు. ఆమె చూపు మనవైపు తిరిగితే ప్రమాదం. గొట్టంలోంచి కాగితపు ఉండలు ఊది ఆమె దృష్టి మళ్ళించాలి. చూపును తెరమీద నిలిపితే టీచరుకు దొరుకుతాం. టీచరును చూస్తుంటే డాట్ గోతిలో పడుతుంది.

ఇక్కడ పాత యంత్రం ఆలంబన కాదు, ఉద్దీపన మాత్రమే. బడిలో దొంగచాటుగా చేసే పనిలోని భయం, ఆ భయంలోంచి పుట్టే నవ్వు, ఇవే ప్రధానం. హాసం స్థాయి, శంక తోడు, స్మృతి ఇంకొక తోడు. కాబట్టే ఆ యంత్రాన్ని ఎన్నడూ చూడని వారికి కూడా ఆ దృశ్యం తెలిసినట్టే ఉంటుంది. నికోలా చేతిలోని యంత్రం బదులు పాఠ్యపుస్తకంలో దాచిన చందమామ సంచికనో, డిటెక్టివ్ నవలనో ఊహించుకుంటే చాలు. మనలో చాలామంది ఆ బల్లదగ్గర కూర్చున్నవారమే. పరాయి వస్తువు గుండా స్వంత అనుభవానికి దారి దొరకడం ఈ రచన గొప్పతనం.

ఆట ముందుకు సాగినకొద్దీ లోపలి లోకం తరగతిగదిలోకి పొంగుతుంది. తెరమీద ఉండవలసిన పోరాటం బల్లలమీదికి వస్తుంది. ఊహలో మునిగిన పిల్లకు బల్ల యుద్ధభూమిగా కనిపించడం బాల్యంలో సహజం. సాంకేతికత ఇక్కడ ఆ మనోస్థితికి రూపం ఇచ్చింది.

'1995' ఇదే పద్ధతిని విస్తరించింది. టీచరు స్థానంలో అమ్మ వచ్చింది. ఇంటి హాల్లో పెద్ద టీవీ ముందు కూర్చున్న డేవిడ్ అమ్మ దృష్టిని మళ్ళిస్తూ ఆడుకోవాలి. స్థలాలు పెరిగాయి, అనుకరించిన ఆటల శైలులు పెరిగాయి, మెరుగులు దిద్దుకున్నాయి. రచనాకౌశలం దృష్ట్యా ఇది మొదటిదానికన్నా పరిణతమైనదని చెప్పాలి. అమ్మ టీచరులాంటి ప్రతిపక్షం కాదు. ఆమె కోపం వెనుక అక్కర ఉంది. దీంతో '1989'లో లేని ఆర్ద్రత '1995'లో చేరింది. అయితే ఇక్కడే ఒక మార్పు కూడా మొదలైంది. లోపలి ఆట ఏ పాత ఆటను తలపిస్తోందో గుర్తుపట్టడంలోని ఆనందం క్రమంగా ముందుకు వచ్చింది. గుర్తుపట్టగలిగినవారికి ఆ సరదా రెట్టింపు. గుర్తుపట్టలేనివారికి అది ఒక రంగుల తెర మాత్రమే. స్మృతి ఇంకా సంచారిగానే ఉన్నా, ఆసనం కోసం వెతుకుతున్న సంచారి అది.

5. '1978' – యంత్రమే ఆలంబన:

మూడవ ఆటలో రెండు పెద్ద మార్పులు ఉన్నాయి. మొదటిది, ఆడే పిల్లల స్థానంలో ఆటను తయారుచేసే వయోజన స్త్రీ వచ్చింది. రెండవది, డాట్‌ను తెరమీద నడపడంతో ఆగకుండా, మనమే డాట్‌గా మారి లోపలి లోకంలో నడుస్తాం. బగ్‌గా ఉన్నప్పుడు ఆఫీసు బల్ల దగ్గర జాయ్‌స్టిక్ పట్టుకుంటాం. డాట్‌గా ఉన్నప్పుడు దిమ్మెదిమ్మెలుగా కట్టిన ప్రపంచంలో తిరుగుతూ పోరాడతాం.

రెండవ మార్పు సాంకేతికంగా ఆకర్షణీయం. పాత ఆటల్లో నాలుగు గళ్ళ చుక్కగా ఉన్న వస్తువు ఇక్కడ మనంత ఎత్తున నిలబడుతుంది. ఒకప్పటి పిల్లలు ఆ చుక్కల్లో చూసుకున్న కోటలను, రాక్షసులను ఇప్పుడు కంటితో చూడవచ్చు. కాని ఇక్కడే నష్టం కూడా జరిగింది. చుక్కను కోటగా చూసింది పిల్లల ఊహ. ఆ పనిని యంత్రం తనమీద వేసుకున్నప్పుడు ఊహకు పని తగ్గింది. అంతకన్నా ముఖ్యం, డాట్‌గా ఉన్నంతసేపు బయటి ప్రపంచం ఉండదు. టీచరు లేదు, అమ్మ లేదు, పట్టుబడతామన్న శంక లేదు. బగ్ భాగంలో ఆఫీసు అంతరాయాలు ఉన్నా, రెండు లోకాలు ఒకే క్షణంలో మన శ్రద్ధను గుంజుకోవడం పలుచబడింది. పూర్వరచనల్లో రసానికి ఆధారమైనది ఆ గుంజులాటే.

హాసశంకలు వెనక్కి జరిగితే వాటి స్థానం ఖాళీగా ఉండదు. ఆ స్థానాన్ని అటారి ఆక్రమించింది. ఆఫీసు గదులు, కాసెట్లు, జాయ్‌స్టిక్కులు, ఆ సంస్థ పాత ఆటలు మొదటి రెండు ఆటల్లో ఉద్దీపనలుగా ఉండదగినవి. ఇక్కడ అవే ఆలంబనమయ్యాయి. స్మృతి స్థాయిభావపు ఆసనం ఎక్కింది. మ్యూజియంలో నడిచినప్పుడు కలిగే సంతృప్తి దీనివల్ల కలుగుతుంది. కథలో మునిగినప్పుడు కలిగే తన్మయత్వం మాత్రం తగ్గుతుంది.

మొదటి మార్పు విషయంలో మాత్రం రచనను అభినందించాలి. 1978లో ఆటల సంస్థలో పనిచేసే స్త్రీని నాయికగా ఎంచుకోవడం వట్టి కల్పన కాదు. కరోల్ షా అటారిలో ఆటల రూపకర్తగా చేరింది సరిగ్గా 1978లోనే. ఆటల చరిత్ర అంటే అబ్బాయిల చరిత్ర అన్న అపోహను సరిదిద్దగల ఎంపిక ఇది. '1989' నికోలాతో మొదలైన ఆలోచన బగ్‌తో వయసుకు వచ్చిందనవచ్చు.

అయితే ఆ చరిత్రలోనే మరొక సత్యం ఉంది. అప్పటి అటారి తన ఆటల పెట్టెలమీద రూపకర్తల పేర్లు వేసేది కాదు. వారెన్ రాబినెట్ తన పేరును 'అడ్వెంచర్' ఆటలో ఒక రహస్యగదిలో దాచవలసి వచ్చింది. పేరు, ప్రతిఫలం దక్కడంలేదన్న అసంతృప్తితో బయటికి వచ్చిన రూపకర్తలు 1979లో ఆక్టివిజన్ సంస్థ స్థాపనలో భాగస్వాములయ్యారు. ఆటలు తయారుచేసే ఉద్యోగిని కథ చెప్పడానికి ఇంతకన్నా బలమైన సంఘర్షణ ఏం కావాలి? కాని '1978' ప్రధాన సంఘర్షణను సైబ్లిన్ లార్డ్‌కే అప్పగించింది. అటారి పేరు చేతులు మారి, నేడు ఆ పేరుతో ఉన్న సంస్థ భాగస్వామిగా ఉన్న ఆటలో స్వరం ఉత్సవస్వరం కావడం ఆశ్చర్యం కాదు. ఆశ్చర్యం కాకపోయినా, లోపం లోపమే.

6. ఎవరి 1978?

ఒక సంవత్సరాన్ని శీర్షికగా పెట్టుకున్న రచన ఆ సంవత్సరం అందరికీ ఒకటేనని నిశ్శబ్దంగా ప్రతిపాదిస్తుంది. కృష్ణాడెల్టా నుంచి చూస్తే ఆ ప్రతిపాదన నిలవదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో 1978 అంటే శిథిలాలనుంచి లేచి మళ్ళీ గూడు కట్టుకున్న సంవత్సరం. ఉప్పుతేలిన పొలాల్లో మళ్ళీ నాగలి పట్టిన సంవత్సరం. కాలిఫోర్నియా ఇళ్ళలోకి కొత్త ఆటయంత్రాలు చేరుతున్న నెలల్లో ఇక్కడి పిల్లలు తప్పిపోయినవారి పేర్లు లెక్కపెట్టుకుంటున్నారు. అలాగే 1988 డిసెంబరు 26న వంగవీటి మోహనరంగా హత్య తరువాత చెలరేగిన అల్లర్లతో విజయవాడ 1989లోకి కర్ఫ్యూతో ప్రవేశించింది. బడులు తెరవని రోజులు, వీధిలో అడుగుపెట్టలేని సాయంత్రాలు ఆనాటి పిల్లల జ్ఞాపకాల్లో భాగం. అదే ఏడాది ఆదివారం ఉదయాలు దూరదర్శన్ మహాభారతం కోసం ఒకే ఇంట్లో వీధివీధంతా చేరడం కూడా భాగమే. సుఖదుఃఖాలు రెండూ స్మృతికి విషయాలన్న భరతుని నిర్వచనానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ఆటల విషయంలోనూ మన కాలగణన వేరు. తొంభైలలో డెల్టా పట్టణాల్లో పెరిగిన మధ్యతరగతి పిల్లలు చాలామందికి తొలి ఆటయంత్రం జారే దిమ్మెలను పేర్చే చవకరకం బ్రిక్ గేమ్. తరువాత నింటెండో యంత్రానికి నకలుగా తయారై బజారులో అమ్ముడుపోయిన టీవీ గేమ్. ఒకే కాసెట్లో వందల ఆటలని అట్టమీద రాసి ఉండేది. ఆడిచూస్తే పది ఆటలే తిరిగి తిరిగి వచ్చేవి. అది కూడా లేనివారికి గంటకు ఇంతని డబ్బు తీసుకునే వీడియో గేమ్ దుకాణం. అంటే మన జ్ఞాపకం నకళ్ళ జ్ఞాపకం, పంచుకున్న జ్ఞాపకం, వంతుకోసం వెనుక నిలబడి చూసిన జ్ఞాపకం. ఆడినవాడికన్నా చూసినవాళ్ళు ఎక్కువ. ఒంటరిగా హెడ్‌సెట్ తగిలించుకునే వర్చువల్ రియాలిటీ ఆకృతికే ఈ జ్ఞాపకం లొంగదు.

ఇది అమెరికాకూ మనకూ మధ్య ఉన్న తగవు మాత్రమే కాదని గుర్తించాలి. ఆనా రిబైరో దేశానిది కూడా వేరే చరిత్రే. బ్రెజిల్‌లో టెక్‌టాయ్ అనే స్థానిక సంస్థ ద్వారా సెగా యంత్రాలు ఇంటింటికీ చేరాయి. 1989 అక్కడ కూడా ఒక ప్రత్యేక సంవత్సరం. అయినా ఆమె ఆటల్లోని బడి, ఇల్లు, ఆఫీసు మనకు అమెరికన్ చిత్రాల ద్వారా అలవాటైన నమూనాలే. బ్రెజిల్ రచయిత్రి సైతం తన బాల్యాన్ని పరాయి బాల్యం భాషలోకి మార్చి చెప్పవలసి రావడం ప్రపంచ విపణి విధించిన షరతు. ఈ షరతును మనం నిందించడంకన్నా అర్థం చేసుకోవడం మేలు. రేపు తెలుగువాడు ఇలాంటి ఆట తయారుచేసినా అదే షరతు ఎదురవుతుంది.

7. మనకు తెలిసిన మాయ:

కల్పిత లోకాన్ని గురించి తెలుగువారికి ఇప్పటికే ఒక లోతైన ఆలోచన ఉంది. అది 'మాయాబజార్'. ఈ కథ సురభి నాటకరంగంమీద ఎగిరే లడ్డూలతో, మాయమయ్యే పాత్రలతో ప్రేక్షకులను అలరించింది. 1936లో పి.వి. దాసు దర్శకత్వంలో చలనచిత్రమైంది. 1957లో కె.వి. రెడ్డి చేతిలో శిఖరం చేరింది. మచిలీపట్నంలో చదివి, కృష్ణాపత్రికలో పనిచేసిన పింగళి నాగేంద్రరావు దానికి మాటలు, పాటలు రాశారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, ఘంటసాల గుడివాడ పరిసరాలవారు. ఎస్.వి. రంగారావు నూజివీడులో పుట్టారు. నృత్యదర్శకుడు పసుమర్తి కృష్ణమూర్తి కూచిపూడివారు. మద్రాసులో తయారైనా అది డెల్టా బిడ్డల చిత్రం.

ఇందులో రెండు వస్తువులు మన చర్చకు ముఖ్యం. ప్రియదర్శిని అనే పేటికలోకి చూసినవారికి తమకు ప్రియమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణునికి శకుని కనిపిస్తాడు. అంటే పెట్టె ఒకటే అయినా దృశ్యం చూసేవారిదే. ఇందుకు భిన్నంగా 'పిక్సెల్ రిప్డ్ 1978' పెట్టె అందరికీ ఒకే ప్రియాన్ని చూపుతుంది. ఇది నీకు ప్రియమైనదని ముందే నిర్ణయించి చూపుతుంది. '1989'లో టీచరు కళ్ళుగప్పే సన్నివేశం ఎవరి బడిని వారికి చూపింది కాబట్టి ప్రియదర్శినికి దగ్గరగా వచ్చింది.

రెండవది సత్యపీఠం. ఘటోత్కచుడు కల్పించిన విడిదిలో తల్పాలు, గిల్పాలు, గింబళులు అన్నీ భోగవస్తువులే. అతిథులు ఆశపడ్డ వస్తువే వారిని ఆడించడం అక్కడి హాస్యం. ఆ భోగాల నడుమ, ఎక్కినవారిచేత నిజం పలికించే పీఠం ఒకటి ఉంటుంది. దానిమీద నిలబడ్డ శకుని తన కుట్రను తానే బయటపెడతాడు. మాయ చివరికి సత్యానికి సేవచేయాలన్న నియమాన్ని ఆ చిత్రం వినోదం చెడకుండా పాటించింది. అటారి కార్యాలయాన్ని అంత ముచ్చటగా కట్టిన '1978'లో ప్రియదర్శిని ఉంది కాని సత్యపీఠం లేదు. పేరు దక్కని రూపకర్తల కథ ఆ పీఠం మీద పలకవలసిన నిజం.

గతాన్ని కొత్త యంత్రంతో అలంకరించడం మనకూ తెలుసు. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ రంగులు అద్దిన 'మాయాబజార్' 2010 జనవరి 30న విడుదలైంది. కొత్త తరాన్ని పాత చిత్రం దగ్గరికి తీసుకువచ్చిన ప్రయత్నంగా దానికి విలువ ఉంది. తాతలు మనవలను వెంటబెట్టుకుని వెళ్ళి చూసిన చిత్రమది. కాని ఒక పాటను, కొన్ని పద్యాలను వదులుకోవలసి వచ్చింది. మార్కస్ బార్ట్లే వెలుగునీడలతో కల్పించిన వెన్నెలకు రంగు అవసరం లేదన్నవారి మాటలోనూ బలం ఉంది. నలుపుతెలుపుల్లో రంగు ఊహించుకునే పని ప్రేక్షకునిది. దిమ్మెల చుక్కల్లో కోట చూసుకునే పని ఆటగాడిది. ఈ రెండు సందర్భాల్లోనూ కొత్త సాంకేతికత ఆ పనిని తన చేతుల్లోకి తీసుకుంది. అయితే రంగుల మాయాబజార్ పక్కనే పాత ప్రతి నేటికీ అందుబాటులో ఉంది. పోల్చి చూసుకునే స్వేచ్ఛ ప్రేక్షకునికి ఉంది. మన వీధి దుకాణాల నకలు ఆటలకు మాత్రం ఏ ప్రతీ మిగలని ప్రమాదం ఉంది. ఎవరూ వాటిని భద్రపరచదగినవిగా భావించలేదు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• 'పిక్సెల్ రిప్డ్ 1989' పాత ఆటయంత్రాన్ని ఉద్దీపనగా మాత్రమే ఉంచి, హాసశంకలను ప్రధానం చేయడం వల్ల మూడింటిలోనూ సార్వజనీనతను ఎక్కువగా సాధించింది.

• '1995' రచనాపరంగా పరిణతమైనది. అమ్మ పాత్ర ద్వారా ఆర్ద్రతను చేర్చింది. అయితే పాత ఆటలను గుర్తుపట్టే సరదావైపు మొగ్గుచూపింది.

• '1978' స్త్రీ రూపకర్తను నాయికగా నిలపడంలో ముందడుగు వేసింది. కాని రెండు లోకాల మధ్య గుంజులాటను సడలించి, సంస్థ చిహ్నాలను ఆలంబనం చేసి, సంచారిభావమైన స్మృతిని స్థాయిగా నిలపబోయింది.

• సంవత్సరాలను శీర్షికలుగా గల ఈ ఆటలు యంత్రాల చరిత్రను మనుషుల చరిత్రగా చూపుతాయి. దివిసీమ 1978, విజయవాడ 1989 ఆ లెక్కలో ఇమడవు.

• గతస్మృతిని వస్తువుగా చేసుకున్న రచనను అంచనా వేయడానికి ప్రియదర్శిని, సత్యపీఠం అనే జంట ప్రమాణాలు ఉపయోగపడతాయి. చూసేవారి ప్రియాన్ని చూపగలగడం ఒకటి, నిర్మించినవారి సత్యాన్ని పలికించగలగడం రెండవది.

భవిష్యత్ పరిశోధకులు చేయవలసిన పని చాలా ఉంది. డెల్టా పట్టణాల్లో వీడియో గేమ్ దుకాణాలు నడిపినవారి, వాటిలో ఆడినవారి, వెనుక నిలబడి చూసినవారి మౌఖిక చరిత్రలు సేకరించాలి. మిగిలిన కాసెట్లను, అట్టలను గ్రంథాలయాలు భద్రపరచాలి. ఆటల విమర్శకు తెలుగు పరిభాష ఏర్పరచుకోవాలి. మాటలు పుట్టించడంలో మొహమాటం అక్కరలేదని 'అసమదీయులు' పుట్టించిన పింగళి ఎప్పుడో చూపించారు. ఆ పని జరగకపోతే, కొన్నేళ్ళ తరువాత మన పిల్లలు హెడ్‌సెట్ తగిలించుకుని తమ తల్లిదండ్రుల బాల్యం కోసం వెతికినప్పుడు వారికి కాలిఫోర్నియా ఆఫీసు గది మాత్రమే కనిపిస్తుంది.